పాస్‌వర్డ్ మార్చిన రోజే ప్రోగ్రామ్ ఎందుకు కూలుతుంది?

(నెట్‌వర్క్ నిర్వాహకులు, సాంకేతిక సహాయ సిబ్బంది సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్ళుగా సాంకేతిక సహాయ విభాగంలో పనిచేస్తున్నానని నన్ను పరిచయం చేశారు. నిజమే. అయితే అందులో చాలా భాగం ఒకే ఫోనును మళ్ళీ మళ్ళీ ఎత్తడంలోనే గడిచింది. అవతలి గొంతు మారుతుంది, మాటలు మారవు. ‘‘సార్, నెట్‌వర్క్ పాస్‌వర్డ్ గడువు తీరిందని చెప్పింది. కొత్తది ఇచ్చాను. ఓకే నొక్కాను. ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోయింది. ఇప్పుడు పాతదీ తీసుకోవడం లేదు, కొత్తదీ తీసుకోవడం లేదు.’’

ఆ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. పాతదీ కాదు, కొత్తదీ కాదు. పాస్‌వర్డ్ అయితే మారి ఉండాలి, లేకపోతే మారకుండా ఉండాలి. రెండూ చెల్లకపోవడం ఎలా కుదురుతుంది? ఈ చిక్కుముడి నాకు చాలాకాలం విడలేదు. కాసేపట్లో అక్కడికి వస్తాను.

ముందుగా ఒక విన్నపం. ఇలాంటి ఫోను రాగానే ‘‘తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి’’ అనకండి. అది పనిచేస్తుందని నాకు తెలుసు, నా బాధ కూడా అదే. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే క్లయింట్, అంటే వినియోగదారు కంప్యూటర్‌లో ఉండి సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, దాచుకున్న పాత పాస్‌వర్డ్ పోతుంది, సగం రాసిన సెట్టింగులు పోతాయి, వాటితోపాటు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైళ్ళూ పోతాయి. రోగం తగ్గినట్టు కనిపిస్తుంది, పరీక్షకు పంపాల్సిన రక్తం మాత్రం పారబోసుకున్నాం. గడువు మళ్ళీ తీరిన రోజు అదే మనిషి అదే ఫోను చేస్తారు.

ఇంతకీ ఆ రోజే ఎందుకు? సంస్థ ఖాతాలను, పాస్‌వర్డ్‌లను చూసుకునే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఆ సెట్టింగును ఎవరూ మార్చకపోతే పాస్‌వర్డ్ గరిష్ఠ వయసు 42 రోజులు. అన్ని రోజులూ క్లయింట్ ప్రోగ్రామ్‌లో పాస్‌వర్డ్ మార్పిడికి సంబంధించిన భాగం నిద్రపోతూ ఉంటుంది. తయారుచేసినవాళ్ళు కూడా దాన్ని ఒకటి రెండు సార్లకు మించి నడిపి చూసి ఉండరు. అటక మీది నిచ్చెనను ఏడాదికోసారి దించినప్పుడే మెట్టు పుచ్చిందని తెలుస్తుంది. కాలు పెట్టిన మనిషి బరువును తప్పుపట్టి లాభం లేదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. సర్వర్‌లో పాస్‌వర్డ్ మారడం ఒక్క క్షణం పని. కానీ దాని ఆనవాళ్ళు ఎన్ని చోట్ల ఉన్నాయో లెక్కపెట్టండి. కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్, కెర్బరోస్ టికెట్లు (ఒకసారి లాగిన్ అయ్యాక మళ్ళీ పాస్‌వర్డ్ అడగకుండా సర్వర్ ఇచ్చే అనుమతి చీటీలు), నెట్‌వర్క్ డ్రైవులకు భద్రపరిచిన వివరాలు, క్లయింట్ సొంత సెట్టింగులు, జేబులోని ఫోను. ఇవన్నీ ఒకేసారి పాతబడవు, ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది. అందుకే నేను మొదట అడిగే ప్రశ్న ‘‘ఏమైంది’’ అని కాదు. ‘‘పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు, ప్రోగ్రామ్ ఎప్పుడు కూలింది’’ అని. నిమిషాలతో సహా.

ఓకే నొక్కగానే కూలితే అది మార్పిడి కోడ్‌లోని తప్పు. సుమారు గంట తరువాత కూలితే నా అనుమానం వేరే వైపు వెళుతుంది. విండోస్ డొమైన్‌లో, అంటే యాక్టివ్ డైరెక్టరీ కింద నడిచే నెట్‌వర్క్‌లో, పాస్‌వర్డ్ మార్చాక కూడా ఎన్‌టీఎల్ఎం అనే పాత లాగిన్ పద్ధతిలో నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి పాత పాస్‌వర్డ్ మామూలుగా 60 నిమిషాలపాటు చెల్లుతుంది. అది లోపం కాదు, పాస్‌వర్డ్‌లను సరిచూసే సర్వర్లైన డొమైన్ కంట్రోలర్లన్నింటికీ కబురు అందేదాకా పనులు ఆగకూడదని పెట్టిన వెసులుబాటు. ఆ గంట పూర్తికాగానే పాత పాస్‌వర్డ్‌ను పట్టుకుని వేలాడుతున్న క్లయింట్‌కు మొదటిసారి ‘కాదు’ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబును ఎలా తీసుకోవాలో దానికి ఎవరూ నేర్పలేదు. ఇక మర్నాడు ఉదయం కూలితే కెర్బరోస్ టికెట్టును చూడండి. దాని మామూలు ఆయుష్షు 10 గంటలు. పునరుద్ధరిస్తూ పోతే 7 రోజుల దాకా లాగవచ్చు. చేతిలో టికెట్టు ఉన్నంతసేపు ఎవరూ పాస్‌వర్డ్ అడగరు. వారం తరువాత కూలిన ప్రోగ్రామ్‌కూ, వారం క్రితం మార్చిన పాస్‌వర్డ్‌కూ ముడిపెట్టాలని వినియోగదారుకు తోచదు, మనకే తోచాలి.

దీనికి తిరగబడ్డ ప్రమాదమూ ఉంది. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరగవచ్చు. పాస్‌వర్డ్ మార్చిన పూటే ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ దిగి ఉండవచ్చు. అందుకే నిమిషాలు కావాలి అంటున్నాను.

రెండో ప్రశ్న: సర్వర్‌లో పాస్‌వర్డ్ నిజంగా మారిందా, లేదా? దీన్ని వినియోగదారును అడిగితే తేలదు, డొమైన్ కంట్రోలర్‌ను అడగాలి. అక్కడి భద్రతా లాగ్‌లో తన పాస్‌వర్డ్‌ను తానే మార్చుకోబోతే 4723, మరొకరు రీసెట్ చేయబోతే 4724 నంబరు ఈవెంట్ (నమోదు) పడుతుంది. అది విజయమా, వైఫల్యమా అన్నదీ అక్కడే ఉంటుంది. ఖాతాలో చివరిసారి పాస్‌వర్డ్ పెట్టిన సమయాన్ని కూడా చూడండి. ఒకే కంట్రోలర్‌లో చూసి ఆగిపోకండి. మార్పు ఏ కంట్రోలర్‌లో జరిగినా అది పీడీసీ ఎమ్యులేటర్ అనే పెద్దదానికి వెంటనే కబురు పంపుతుంది. తక్కినవి తమ దగ్గర పాస్‌వర్డ్ సరిపోకపోతే తిరస్కరించే ముందు ఆ పెద్దదాన్ని ఒక మాట అడుగుతాయి. ఆ దారి తెగి ఉంటే ఒక కార్యాలయంలో చెల్లిన పాస్‌వర్డ్ ఇంకో కార్యాలయంలో చెల్లదు.

ఇప్పుడు నేను నిజంగా తలపట్టుకున్న ఒక కేసు చెబుతాను. సంస్థ పేరు వద్దు. అక్కడ ఒక క్లయింట్ ప్రోగ్రామ్ ఉంది. వినియోగదారు ఒకే పాస్‌వర్డ్ ఇస్తే, దానితో నెట్‌వర్క్‌లోకీ, వెనకనున్న ఒక పాత రికార్డుల వ్యవస్థలోకీ లాగిన్ అవుతుంది. పాస్‌వర్డ్ మార్చే కిటికీ కూడా దానిదే. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒక ఏడాది భద్రతా విభాగం వాళ్ళు పాస్‌వర్డ్ కనీస పొడవును 8 నుంచి 14 అక్షరాలకు పెంచారు. ఆ నెల నుంచి మొదలైంది. కొందరికి ప్రతిసారీ కూలుతుంది, కొందరికి అసలు కూలదు, మిగిలిన కొద్దిమందికి ఒకసారి కూలి ఇంకోసారి కూలదు.

విండోస్ లాగ్‌లను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే అప్లికేషన్ లాగ్‌లో, ప్రోగ్రామ్ కూలినప్పుడు పడే 1000 నంబరు ఈవెంట్లు వరుసగా ఉన్నాయి. తప్పు చేసిన మాడ్యూల్ (కోడ్ భాగం) పేరు దగ్గర ఎన్‌టీడీఎల్ఎల్ అని ఉంది. అంటే విండోస్‌దే. ఇంకేం, క్లయింట్ తయారుచేసినవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ‘‘చూశారా, ఇది ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య’’ అన్నారు. ఆ గడిలో రాసేది ప్రోగ్రామ్ ఎక్కడ పడి చచ్చిందన్నది మాత్రమే. శవం దొరికిన ఇంటివాడే హంతకుడని ఎవరైనా తేల్చేస్తారా? దాని పక్కనే ఉన్న కోడ్ చూడండి. మనం ‘సీ సున్నాలు ఐదు’ అని పిలుచుకునేది (0xC0000005) వస్తే, ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుందని అర్థం. చివర 374 ఉన్నది వస్తే, హీప్, అంటే ప్రోగ్రామ్ అవసరాన్నిబట్టి అడిగి తీసుకునే మెమరీ, పాడైందని విండోస్ పసిగట్టి తానే ప్రోగ్రామ్‌ను ఆపేసిందని అర్థం. మాకు వచ్చింది ఈ రెండోదే. హీప్ పాడైనప్పుడు నేరం ఒక చోట, మరణం ఒక చోట. ఎవరో ఎప్పుడో హద్దు దాటి రాసిపోతారు. ఆ తరువాత ఆ మెమరీని విడుదల చేయడానికి వచ్చిన అమాయకుడు దొరికిపోతాడు.

కారణం దొరికింది పరికరంలో కాదు, ఫోనులో. ఒకావిడతో మాట్లాడుతూ, ‘‘పాస్‌వర్డ్ నాకు చెప్పకండి, ఎన్ని అక్షరాలో మాత్రం చెప్పండి’’ అన్నాను. ఇది కూడా అడగకూడదని మీలో కొందరు అంటారు. ఒప్పుకుంటాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ‘‘పంతొమ్మిది’’ అన్నారు. పక్క బల్ల ఆయనకు ఎప్పుడూ కూలలేదు, ఆయనది పద్నాలుగు. ఇంకొకరిది పదహారు, ఆయనకు అప్పుడప్పుడు కూలుతుంది. అక్కడ నాకు వెలిగింది.

లెక్క చూడండి. కొత్త పాస్‌వర్డ్‌ను రికార్డుల వ్యవస్థకు చేరవేసే ఒక చిన్న డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ పిలిచి వాడుకునే కోడ్ ఫైలు) ఉంది. అందులో పాస్‌వర్డ్ కోసం 32 బైట్ల బఫర్ (తాత్కాలికంగా దాచే మెమరీ గది) కేటాయించారు. రాసినవాడి దృష్టిలో 32 అంటే 32 అక్షరాలు. కానీ విండోస్ ఇచ్చేది యూటీఎఫ్-16 అనే అక్షర సంకేత పద్ధతిలో, మామూలు కీబోర్డు అక్షరానికి రెండు బైట్లు. చివర ముగింపు గుర్తుగా మరో రెండు సున్నా బైట్లు. పదిహేను అక్షరాలకు 30, ముగింపుకు 2, మొత్తం 32. సరిగ్గా అంచు దాకా. పదహారో అక్షరం వస్తే ముగింపు సున్నాలు రెండు బయటపడతాయి. ఆ పక్క స్థలంలో అప్పటికే సున్నాలు ఉంటే ఎవరికీ తెలియదు, లేకపోతే కూలుతుంది. అదే ‘అప్పుడప్పుడు’. పంతొమ్మిది అక్షరాలైతే ఎనిమిది బైట్లు హద్దు దాటాయి, తప్పించుకునే దారి లేదు. కనీస పొడవు ఎనిమిదిగా ఉన్నన్నాళ్ళూ పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టే ఓపిక ఎవరికీ లేదు కనుక ఆ బఫర్ జోలికి ఎవరూ పోలేదు.

దీన్ని రుజువు చేయడానికి పేజ్ హీప్ అనే సౌకర్యం వాడాం. అది ప్రతి కేటాయింపునూ ఒక మెమరీ పేజీ చివరి అంచున పెట్టి, దాని తరువాతి పేజీని ఎవరూ ముట్టుకోకుండా మూసేస్తుంది. హద్దు దాటిన చేయి అక్కడికక్కడే కాలుతుంది. అప్పుడు తీసిన డంప్‌లో, అంటే కూలిన క్షణంలోని మెమరీ ప్రతిలో, ఎన్‌టీడీఎల్ఎల్ పేరు లేదు. డీఎల్ఎల్ పేరే ఉంది, ఏ ఫంక్షనో కూడా ఉంది. డంప్ తీయడానికి ప్రోక్‌డంప్, చదవడానికి విన్‌డీబీజీ. రెండూ మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చేవే.

ఇక మొదట్లో వదిలేసిన చిక్కుముడి. ఆ క్లయింట్ ముందు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ మారుస్తుంది, అది విజయవంతం. తరువాత డీఎల్ఎల్‌ను పిలుస్తుంది, అక్కడ కూలుతుంది. అంటే నెట్‌వర్క్‌లో కొత్తది, రికార్డుల వ్యవస్థలో పాతది. మళ్ళీ తెరిచి పాత పాస్‌వర్డ్ ఇస్తే నెట్‌వర్క్ కాదంటుంది. కొత్తది ఇస్తే రికార్డుల వ్యవస్థ కాదంటుంది. ఇద్దరి జవాబునూ మన క్లయింట్ ఒకే ముక్కలో వినియోగదారుకు చెబుతుంది: ‘పాస్‌వర్డ్ తప్పు’. పాతదీ కాదు, కొత్తదీ కాదు. ఆ మనిషి అబద్ధమాడలేదు, పొరబడనూ లేదు. నేనే ఎన్నోసార్లు ‘‘క్యాప్స్ లాక్ చూసుకోండి’’ అని చెప్పి ఫోను పెట్టేశాను.

‘పాస్‌వర్డ్ తప్పు’ అన్న మాటను ఎక్కడ చూసినా అనుమానించండి. క్లయింట్ ఎల్‌డీఏపీ (డైరెక్టరీలను అడిగే ప్రామాణిక పద్ధతి) ద్వారా యాక్టివ్ డైరెక్టరీతో మాట్లాడితే, పాస్‌వర్డ్ నిజంగా తప్పైనా, గడువు తీరినా, మార్చుకుంటే గానీ లోపలికి రానివ్వకపోయినా పైకి వచ్చే నంబరు ఒకటే, 49. అసలు సంగతి దాని వెంట వచ్చే ఉపకోడ్‌లో ఉంటుంది. గడువు తీరితే 532, తప్పనిసరిగా మార్చుకోవాల్సి వస్తే 773, ఖాతాకు తాళం పడితే 775. చాలా క్లయింట్లు ఈ తోకను చదవవు. చదివేవాటిలో కొన్ని 532ను మాత్రమే చదివి, 773 వస్తే ఏం చేయాలో తెలియక కూలబడతాయి.

మార్చకముందే కూలేవి ఇంకో రకం. ‘మీ పాస్‌వర్డ్ ఇన్ని రోజుల్లో ముగుస్తుంది’ అని హెచ్చరించడానికి లెక్కలు కట్టబోయి పడిపోతాయి. ఇది నాకు సరదాగా ఉండే భాగం. యాక్టివ్ డైరెక్టరీ ఈ సమయాలను 1601 జనవరి 1 నుంచి ఎన్ని వంద నానోసెకన్లు గడిచాయన్న లెక్కలో దాస్తుంది. గరిష్ఠ వయసును రుణసంఖ్యగా దాస్తుంది. 42 రోజులంటే మైనస్ 36288000000000. ‘వచ్చేసారి తప్పనిసరిగా మార్చాలి’ అని గుర్తు పెట్టగానే చివరిసారి మార్చిన సమయం సున్నా అవుతుంది. అమాయకమైన క్లయింట్ దాన్ని తేదీగా చదివి, ఈయన పాస్‌వర్డ్ మార్చి నాలుగు శతాబ్దాలు దాటిందని తేలుస్తుంది. ఎప్పటికీ ముగియని పాస్‌వర్డ్‌కు ముగింపు సమయం అడిగితే 9223372036854775807 అని వస్తుంది. ధన, రుణ సంఖ్యలు రెండింటినీ దాచే 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య అది. దాన్ని తేదీగా మార్చమంటే మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ లైబ్రరీ చెల్లని సమయమని మినహాయింపు (ఎక్సెప్షన్ అనే తప్పు సంకేతం) విసురుతుంది. పట్టుకునేవాడు లేకపోతే ప్రోగ్రామ్ పోయినట్టే. పాస్‌వర్డ్ గడువే లేని ఖాతాకు గడువు హెచ్చరిక చెప్పబోయి చచ్చిన ప్రోగ్రామ్‌ను నేను కళ్ళారా చూశాను. (నవ్వులు)

మార్చిన తరువాతి గొడవల్లో ఒక్కటే చెబుతాను. వినియోగదారు తానే పాస్‌వర్డ్ మార్చుకోవడం, మనం రీసెట్ చేయడం ఒకటి కాదు. విండోస్‌లో డీపీఏపీఐ అనే పెట్టె ఉంది, ప్రోగ్రాములు తమ రహస్యాలను అందులో దాస్తాయి. దాని తాళం వినియోగదారు పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. తాను మార్చుకుంటే పాతది, కొత్తది రెండూ చేతిలో ఉంటాయి కనుక తాళం సజావుగా మారుతుంది. మనం రీసెట్ చేస్తే ఆ పెట్టె తెరవడానికి డొమైన్ కంట్రోలర్ సాయం కావాలి. కంప్యూటర్ అప్పుడు నెట్‌వర్క్‌కు దూరంగా ఉంటే పెట్టె తెరుచుకోదు. క్లయింట్ చేతికి ఖాళీ వస్తుంది. ఖాళీని ఖాళీ అని గుర్తించకుండా ముందుకు పోతే మళ్ళీ అదే సీ సున్నాలు ఐదు. మ్యాక్‌లో పాస్‌వర్డ్‌లు దాచే కీచెయిన్‌ది కూడా దాదాపు ఇదే కథ.

సమస్యను తిరిగి పుట్టించాలంటే 42 రోజులు ఆగనక్కరలేదు. పరీక్ష ఖాతా ఒకటి తీసుకుని ‘వచ్చేసారి తప్పనిసరిగా మార్చాలి’ అన్న గుర్తు పెట్టండి. ఈ గుర్తును ప్రతి ప్రయత్నానికీ మళ్ళీ పెట్టాలి. మరిచిపోతే ఏమవుతుందో చెబుతాను. డొమైన్‌లో పాస్‌వర్డ్ కనీస వయసు మామూలుగా ఒక రోజు. అదే రోజు రెండోసారి మార్చబోతే సర్వర్ ఒప్పుకోదు. క్లయింట్ మర్యాదగా తప్పు సందేశం చూపిస్తుంది, కూలదు. మీరు ‘ప్యాచ్ పనిచేసింది’ అని నివేదిక రాసేస్తారు. నేను రాశాను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభ నుంచి: పాస్‌వర్డ్ మార్చాక ఖాతాలకు తాళాలు పడుతున్నాయి. దాచిన పాత పాస్‌వర్డే కారణమా?)

అందరూ మొదట అదే అంటారు, నేనూ అన్నాను. అయితే తప్పు పాస్‌వర్డ్ వచ్చినప్పుడు యాక్టివ్ డైరెక్టరీ దాన్ని ఖాతా చరిత్రలోని చివరి రెండు పాస్‌వర్డ్‌లతో పోల్చి చూస్తుంది. సరిపోలితే తప్పుల లెక్క పెంచదు. కాబట్టి నిన్నటి పాస్‌వర్డ్‌తో ఎంత కొట్టుకున్నా తాళం పడకపోవచ్చు. పడిందంటే అంతకంటే పాతది ఎక్కడో దాగి ఉంది, లేదా సగంలో కూలిన క్లయింట్ ఏదో చెత్తను పాస్‌వర్డ్‌గా దాచి పంపుతోంది. 4740 ఈవెంట్ చూడండి, ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. ఎవరూ కూర్చోని మూలనున్న కంప్యూటర్ పేరు కనబడితే ఆశ్చర్యపోకండి.

(సభ నుంచి: అసలు గడువులు తీసేస్తే ఈ గొడవ ఉండదు కదా?)

ఉండదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే, కారణం లేకుండా కాలం ప్రకారం పాస్‌వర్డ్ మార్పించవద్దని సూచించింది. మైక్రోసాఫ్ట్ కూడా 2019లో తన భద్రతా సిఫార్సుల నుంచి గడువును తొలగించింది. నా ఓటు అటే. కానీ పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం వచ్చిన రోజున అందరిచేతా ఒకేసారి మార్పించాల్సి వస్తుంది. ఆ పుచ్చిన మెట్టును ఆ రోజు కోసం దాచిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

(సభ నుంచి: డంప్‌ను తయారీదారుకు పంపవచ్చా?)

మంచి ప్రశ్న. డంప్ అంటే ప్రోగ్రామ్ మెమరీకి ప్రతి. పాస్‌వర్డ్ మార్చే క్షణంలో తీసిన డంప్‌లో పాతదీ కొత్తదీ పచ్చిగా కనబడవచ్చు. మా కేసులో నోట్‌ప్యాడ్ లాంటి దానితో తెరిచినా కనిపించాయి. అందుకే నిజమైన ఖాతాతో డంప్ తీయను. ఏ హక్కులూ లేని పరీక్ష ఖాతా, ఇరవై అక్షరాల పనికిమాలిన పాస్‌వర్డ్. పంపాక ఆ ఖాతా తీసేస్తాను. తప్పనిసరై వినియోగదారు ఖాతాతోనే తీస్తే, ఫైలు పంపే ముందే ఆయనచేత ఇంకోసారి పాస్‌వర్డ్ మార్పిస్తాను. అదీ కూలకుండా మారితే!

(సభ నుంచి: ఆ డీఎల్ఎల్ సంగతి చివరికి ఏమైంది? తయారీదారు సరిచేశారా?)

లేదు. దాన్ని రాసినవారు ఎప్పుడో వెళ్ళిపోయారు, మూల కోడ్ ఎవరి దగ్గరా దొరకలేదు. మొదటి రెండు నెలలు పాస్‌వర్డ్ పదిహేను అక్షరాలు మించవద్దని అందరికీ కాగితం పంపాం. భద్రత పెంచడానికి తెచ్చిన నియమానికి మేమే పైకప్పు వేశాం, సిగ్గుగానే ఉండింది. ఆ తరువాత డీఎల్ఎల్‌ను తీసేసి, రికార్డుల వ్యవస్థకు వేరే పాస్‌వర్డ్ పెట్టించాం. ఇప్పుడు వాళ్ళు రెండు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోవాలని నన్ను తిట్టుకుంటున్నారు.